ఊరి హాలు నుంచి బుల్లితెరకు: ఒక స్కాట్లాండు పాటల నాటకం

1974 జూన్ 6వ తేదీన బి.బి.సి. టెలివిజన్ ‘ప్లే ఫర్ టుడే’ అనే తన నాటక శీర్షిక కింద ఒక విచిత్రమైన ప్రదర్శనను ప్రసారం చేసింది. అందులో కథానాయకుడు లేడు, నాయిక లేదు. ఒక పల్లెటూరి హాలులో బల్లల మీద కూర్చున్న జనం, వారి ఎదుట ఫిడేలు వాయిస్తూ, పాడుతూ, వేషాలు మారుస్తూ, మధ్యమధ్య కాగితాలు తీసి గణాంకాలు చదివే ఒక నటబృందం కనిపిస్తారు. అంతలోనే కొండలోయలో కాలిపోతున్న ఇళ్లు, వెంటనే సముద్రతీర నగరంలో చమురు కూలీల మాటలు. ఈ ప్రదర్శన పేరు ‘ది షెవియట్, ది స్టాగ్ అండ్ ది బ్లాక్, బ్లాక్ ఆయిల్’. షెవియట్ అంటే ఒక జాతి గొర్రె, స్టాగ్ అంటే మగదుప్పి, మూడవది ముడిచమురు. రెండు వందల ఏళ్లలో స్కాట్లాండు ఉత్తర ప్రాంతమైన హైలాండ్స్ ప్రజల భూమిని వరుసగా ఏవేవి ఆక్రమించుకున్నాయో ఆ పేరే చెబుతుంది.

వేదిక కోసం పుట్టిన సంగీతరూపకాన్ని టెలివిజన్‌కు మలచడంలో సాధారణంగా రెండు మార్గాలు అవలంబిస్తారు. వేదిక ఎదుట కెమెరాలు నిలిపి ఉన్నదున్నట్టు పట్టుకోవడం ఒకటి. వేదికను పూర్తిగా మరచి కథను సినిమాగా తిరిగి తీయడం రెండవది. మొదటి పద్ధతిలో ప్రాణం పోతుంది, రెండవ పద్ధతిలో స్వరూపం పోతుంది. ఈ స్కాట్లాండు నాటకం విషయంలో మూడవ మార్గం ఒకటి దొరికింది. అది ఎలా దొరికిందో తెలియాలంటే ముందుగా ఆ నాటకం ఎవరి కోసం, ఏ చరిత్రను చెప్పడానికి పుట్టిందో తెలుసుకోవలసి ఉంటుంది. ఆ చరిత్రలో భారతీయ పాఠకునికి పరిచితమైన పేర్లు కొన్ని ఎదురవుతాయి.

పద్దెనిమిదవ శతాబ్దం చివర హైలాండ్స్‌లో భూమికి యజమానులు వంశనాయకులు. సాగుచేసే కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నప్పటికీ వారికి పట్టా అంటూ ఏమీ లేదు. ఏటికేడు సాగే కౌలు మాత్రమే. నాయకుడు తమవాడు, భూమి తమది అన్న నమ్మకమే వారి దస్తావేజు. దక్షిణాది ఉన్ని మిల్లులకు గిరాకీ పెరిగి, షెవియట్ గొర్రెల పెంపకానికి లోయలను కౌలుకిస్తే అనేక రెట్లు శిస్తు వస్తుందని తేలగానే ఆ నమ్మకానికి విలువ లేకుండా పోయింది. 1807 నుంచి 1821 వరకు సదర్లాండ్ ఎస్టేటులో వేలమందిని లోయల నుంచి ఖాళీ చేయించి సముద్రపుటంచుకు తరలించారు. వ్యవసాయం తప్ప మరొకటి ఎరుగని కుటుంబాలను అక్కడి రాతి చెలకల్లో చేపలు పట్టుకుని బతకమన్నారు. ఇళ్లు తిరిగి కట్టుకోకుండా పైకప్పు దూలాలకు నిప్పు పెట్టారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో జరిగిన దహనకాండకు ఎస్టేటు అధికారి పాట్రిక్ సెల్లార్ బాధ్యుడని ప్రజలు ఆరోపించారు. దాదాపు నూరేళ్ల వయసున్న మార్గరెట్ మెకే అనే వృద్ధురాలు మంచం మీద ఉండగానే ఇంటికి నిప్పు పెట్టించాడని, ఆమె కొద్దిరోజులకే మరణించిందని అభియోగం. 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారణ జరిగింది. సెల్లార్ నిర్దోషిగా బయటపడ్డాడు. అదే లోయలో గొర్రెల క్షేత్రాన్ని కౌలుకు తీసుకున్నవాడూ అతడే.

సరిగ్గా ఆ కాలంలోనే మరొక స్కాట్లాండు వాసి, గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో, దత్తమండలంలో గ్రామగ్రామం తిరిగి రైతు పేరున శిస్తు నిర్ణయించే పని ముగించాడు. 1800 నుంచి 1807 వరకు ఆయన అక్కడ కలెక్టరు. రైతువారీ పద్ధతిలోని మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ శిస్తు భారం తక్కువేమీ కాదు. అయినా అనంతపురం, కడప ప్రాంతాల రైతుకు సర్కారు లెక్కల్లో ఒక పేరు, ఒక చేను నమోదై ఉన్న రోజుల్లో మన్రో స్వదేశపు ఉత్తర భాగంలో సాగుదారుకు ఆ మాత్రం ఆధారం కూడా లేదన్నది గమనించదగినది.

మన్రో అనే ఇంటిపేరే గల వేరొక వ్యక్తి హెక్టర్ మన్రో. 1764లో బక్సార్ యుద్ధంలో విజయం సాధించిన సేనాని ఇతడే. భారతదేశంలో గడించిన ధనంతో రాస్‌షైర్‌లోని తన నోవార్ ఎస్టేటును విస్తరించాడు. 1781లో తాను పట్టుకున్న నాగపట్నం కోటద్వారాన్ని పోలిన కట్టడాన్ని ఫైరిష్ కొండ మీద కట్టించాడు. అది నేటికీ నిలిచి ఉంది. పనిలేని స్థానికులకు కూలి కల్పించడానికే కట్టించాడని చెప్పుకుంటారు. 1792లో ఆ ప్రాంతపు ప్రజలు గొర్రెల మందలను దక్షిణానికి తోలివేయడానికి పూనుకున్నప్పుడు సైన్యాన్ని రప్పించి అణచివేశారు. వివాదం రేగింది మన్రో గొర్రెల కాపులకిచ్చిన భూముల్లోనే. లూయిస్ దీవిని 1844లో కొన్న జేమ్స్ మాథెసన్ చైనాతో నల్లమందు వ్యాపారం చేసి ధనవంతుడైనవాడు. ఆ నల్లమందు పండినది మన దేశపు పొలాల్లో. హైలాండ్స్ చరిత్రను కేవలం స్కాట్లాండు లోపలి వ్యవహారంగా చూడడం అందుకే సరికాదు.

సైనికుల విషయమూ అంతే. సదర్లాండ్ ఎస్టేటు యువకులతోనే 1799లో 93వ హైలాండర్ల దళం ఏర్పడింది. 1857 నవంబరులో లక్నో సికందర్ బాగ్‌లో తిరుగుబాటు సిపాయిలను ఊచకోత కోసిన దళాల్లో అది ఒకటి. అయితే అంతకు మూడేళ్ల ముందు, క్రిమియా యుద్ధానికి జనం కావాలని డ్యూక్ స్వయంగా వచ్చి అడిగినప్పుడు సదర్లాండ్ ప్రజలు కదలలేదు. మనుషులను తరిమి గొర్రెలను తెచ్చుకున్నారు కనుక యుద్ధానికీ ఆ గొర్రెలనే పంపుకోవచ్చునని సమాధానం ఇచ్చారట. ఈ ఉదంతాన్ని గ్రంథస్థం చేసినవాడు డొనాల్డ్ మెక్లౌడ్. అతడు స్ట్రాత్‌నేవర్‌కు చెందిన తాపీపనివాడు. తన ఊరు తగలబడడం కళ్లారా చూసినవాడు. బానిసత్వాన్ని ఖండిస్తూ నవల రాసి జగత్ప్రసిద్ధి పొందిన అమెరికన్ రచయిత్రి హారియట్ బీచర్ స్టో 1854లో తన యాత్రాగ్రంథంలో సదర్లాండ్ ప్రభుకుటుంబాన్ని వెనకేసుకురాగా, కెనడాకు వలసపోయిన ఆ తాపీపనివాడు 1857లో మరొక గ్రంథంతో ఆమెకు సమాధానం చెప్పాడు. దూరదేశపు బానిస కన్నీరు చూసిన కన్ను, తనకు ఆతిథ్యమిచ్చిన ఇంటి కౌలుదారు కన్నీరు చూడలేకపోయింది.

గొర్రెల తరువాత దుప్పుల వంతు. విక్టోరియా రాణి హైలాండ్స్ మీద చూపిన మక్కువ వల్ల వేట ఒక పెద్దమనిషి తరహా వినోదమైంది. లోయలకు లోయలు వేట అడవులుగా మారాయి. ప్రజలు తిరగబడ్డదీ ఈ దశలోనే. 1882 ఏప్రిల్‌లో స్కై దీవిలోని బ్రేస్ గ్రామాల్లో మేత భూముల కోసం శిస్తు నిలిపివేసిన రైతులను అరెస్టు చేయడానికి గ్లాస్గో నుంచి సుమారు యాభైమంది పోలీసులను రప్పించారు. రాళ్లతో ఎదుర్కొన్నవారిలో స్త్రీలు ముందున్నారు. ఆ అలజడి ఫలితంగా ప్రభుత్వం 1883లో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసినది ఈయనే. పదవిలోకి వస్తూనే గంజాం కరువును ఎదుర్కొన్నాడు. లార్డ్ మేయో హత్య తరువాత కొద్ది నెలలు వైస్రాయి బాధ్యతలు కూడా నిర్వహించాడు. విచారణ సంఘం తన మొదటి బైఠకును బ్రేస్‌లోనే జరిపి చిన్న కౌలుదార్ల సాక్ష్యాలు నమోదు చేసింది. గ్రామసముదాయానికి సమష్టిగా చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలని నేపియర్ సంఘం సూచించింది. మన దేశపు గ్రామాలను పాలించిన అనుభవం ఆ సూచన వెనుక పనిచేసి ఉండవచ్చును. 1886 నాటి చట్టం ఆ సూచనను పక్కన పెట్టినా, వ్యక్తిగత కౌలుదారుకు తొలగింపు నుంచి రక్షణ, న్యాయమైన శిస్తు, చేసుకున్న అభివృద్ధికి పరిహారం కల్పించింది. పోయిన లోయలు మాత్రం తిరిగి రాలేదు.

ఇక నాటకం. దీని రచయిత జాన్ మెక్‌గ్రాత్ (1935-2002) హైలాండ్స్‌లో పుట్టినవాడు కాదు. ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో ఐరిష్ మూలాలున్న కుటుంబంలో జన్మించాడు. 1962లో బి.బి.సి.లో ‘జెడ్ కార్స్’ అనే పోలీసు ధారావాహికను రూపొందించిన ఇద్దరిలో ఒకడు. అంటే టెలివిజన్ లోపలి మర్మాలు తెలిసినవాడు. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ మెక్‌లెన్నన్, ఆమె సోదరుడు డేవిడ్ కలిసి 1971లో ‘7:84’ అనే నాటక సంస్థను నెలకొల్పారు. దేశజనాభాలో 7 శాతం మంది చేతిలో 84 శాతం సంపద ఉందని ‘ది ఎకానమిస్ట్’ పత్రిక ప్రకటించిన లెక్కే ఆ పేరు. 1973లో స్కాట్లాండు శాఖ ఏర్పడింది. సభ్యులందరికీ సమాన వేతనం. వారి తొలి ప్రదర్శన ఇదే.

పట్టణ నాటకశాలకు అలవాటుపడిన రూపం హైలాండ్స్ పల్లెలకు పనికిరాదని మెక్‌గ్రాత్ గ్రహించాడు. అక్కడి వారికి తెలిసినది ‘కేలీ’. చలికాలపు రాత్రులలో ఒకరింట చేరి పాడడం, కథలు చెప్పుకోవడం, ఫిడేలుకు నాట్యం చేయడం, ఇదే కేలీ. నాటకాన్ని దాని అచ్చులోనే పోశాడు. మన బుర్రకథ తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. తంబురా పట్టిన కథకుడు గంభీరంగా కథ నడుపుతుంటే, ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం చెబుతూ, పాత కథను నేటి వార్తతో ముడిపెట్టడం ప్రజానాట్యమండలి రోజుల నుంచి ఆంధ్రదేశం ఎరిగినదే. కేలీ నాటకంలోనూ అంతే. ఒక దృశ్యంలో సెల్లార్ తన పనిని నాగరికతా ప్రచారంగా సమర్థించుకుంటాడు. మరొక దానిలో వేటకు వచ్చిన లార్డ్ క్రాస్క్, లేడీ ఫాస్ఫేట్ అనే హాస్యపాత్రలు ఆ కొండల మీద తమ ప్రేమను యుగళగీతంగా పాడుతూ, భూమి అడిగితే చేయి తెగ్గోస్తామన్న బెదిరింపులోకి జారిపోతారు. నవ్వుతున్న ప్రేక్షకుని నవ్వు సగంలో ఆగిపోతుంది. వెంటనే ఒక నటుడు వేషం విప్పకుండానే ముందుకు వచ్చి ఏ సంవత్సరం ఏ లోయ నుంచి ఎన్ని కుటుంబాలు వెళ్లగొట్టబడ్డాయో చదువుతాడు. లూయిస్ దీవికి చెందిన డొలీనా మెక్‌లెన్నన్ గేలిక్ పాటలు పాడేది. హాలులో వృద్ధులకు ఆ పాటలు నోటికి వచ్చినవే. వారూ గొంతు కలిపేవారు.

దృశ్యాలంకరణ ఒక పెద్ద పుస్తకం. పేజీ తిప్పితే కొండలు, ఇళ్లు, వేటవిడిది మడతల్లోంచి లేచి నిలబడతాయి. చిత్రకారుడు జాన్ బర్న్ దీన్ని తయారుచేశాడు. వ్యాను కప్పు మీద కట్టి ఊరూరా తీసుకుపోవడానికి అది అనువైనది. ఆట ముగిశాక కుర్చీలు జరిపి అదే నటులు వాద్యాలు వాయించగా ఊరివారు నాట్యం చేసేవారు. దండోరా కూడా ఖర్చులేని పద్ధతే. ఒక ఊరి వారు పక్క ఊరికి చెప్పడమే. బిల్ ప్యాటర్సన్, జాన్ బెట్, అలెక్స్ నార్టన్ వంటి నటులు తరువాతి కాలంలో వెండితెర మీద పేరు గడించారు గాని, అప్పటికి వ్యానులో సామాను ఎక్కించే పని కూడా వారిదే.

చరిత్రకారుని దృష్టితో చూస్తే నాటకంలో ఏకపక్షత ఉంది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక సముద్రపు నాచు నుంచి క్షారం తీసే పరిశ్రమ కూలిపోవడం, పెరుగుతున్న జనాభా, 1846 నాటి బంగాళాదుంప తెగులు వంటి కారణాలు కూడా ప్రజలను వలసపోయేట్టు చేశాయి. ఈ కారణాలు చెప్పినంత మాత్రాన దూలాలకు నిప్పు పెట్టినవారి బాధ్యత తగ్గదు. కాని అవి లేకుండా చరిత్ర పూర్తికాదు. నాటకం వాటి మీద పెద్దగా నిలవలేదు. పాడే కథకు పరిమితులు ఉంటాయి. అయితే విచారణల నివేదికలు, ఎస్టేటు అధికారుల రాతలు, కౌలుదార్ల సాక్ష్యాలు వంటి మూలపత్రాలను ఇంత విరివిగా వేదిక మీదికి తెచ్చిన ప్రజారంజక ప్రదర్శనలు అరుదు. పాఠశాల పుస్తకాలు ఒకటి రెండు వాక్యాలతో దాటవేసిన అధ్యాయాన్ని, దానిని అనుభవించినవారి మునిమనుమల ఎదుట విప్పడమే ఈ నాటకం చేసిన పని.

ఈ కారణంగానే టెలివిజన్‌కు మార్చడం చిక్కు సమస్య అయింది. ఊరి హాలులో సగం అర్థం ప్రేక్షకుల వద్దే ఉంది. ఏ లోయ పేరు చెప్పగానే ఎవరి ముఖం మారుతుందో నటులకు తెలుసు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో తన గదిలో ఒంటరిగా కూర్చున్న ప్రేక్షకునికి స్ట్రాత్‌నేవర్ ఒక పేరు మాత్రమే. గేలిక్ ఒక ధ్వని మాత్రమే. స్టూడియోలో సెట్లు వేసి, నలుగురు పాత్రల మధ్య సంభాషణగా దీన్ని తిరగరాస్తే, ఒక ప్రభువు, ఒక దుర్మార్గపు అధికారి, ఒక దుఃఖిత వృద్ధురాలు మిగిలేవారు. ప్రేక్షకుడు జాలిపడి టెలివిజన్ కట్టేసి నిద్రపోయేవాడు. ఆనాటి టెలివిజన్ నాటకంలో రాజ్యమేలుతున్న ఈ సహజవాద ధోరణి మీదే మెక్‌గ్రాత్‌కు అభ్యంతరం. అది సమాజపు సమస్యను వ్యక్తి మనోవ్యథగా కుదిస్తుందని ఆయన వాదం. 1976లో ఎడిన్‌బరో టెలివిజన్ ఉత్సవంలో తొలి మెక్‌టాగర్ట్ స్మారకోపన్యాసం ఆయనదే. విషయం కూడా అదే.

దర్శకుడు జాన్ మెకెంజీ, నిర్మాత గ్రేమ్ మెక్‌డొనాల్డ్, మెక్‌గ్రాత్ కలిసి తీసుకున్న నిర్ణయం చూడడానికి సులువైనది. నాటకాన్ని టెలివిజన్‌కు తేవడానికి బదులు నాటకం జరుగుతున్న హాలును తెచ్చారు. పల్లెటూరి హాలులో ప్రదర్శన జరుగుతుండగా చిత్రీకరించారు. కెమెరా వేదికను ఎంత శ్రద్ధగా చూస్తుందో ఎదుటి బల్లలను అంత శ్రద్ధగా చూస్తుంది. టోపీ ఒళ్లో పెట్టుకున్న పెద్దలు, పిల్లలు, నవ్వులు, మౌనాలు. దూరదేశపు ప్రేక్షకునికి స్ట్రాత్‌నేవర్ తెలియకపోవచ్చు. కాని ఆ పేరు విన్నవారి ముఖం అతనికి కనిపిస్తోంది. అతడు ఒక చరిత్రను దాని వారసులు వింటున్నప్పుడు పక్కన కూర్చుని వింటున్నాడు. నాటకం చెప్పే చరిత్రకు హాలులోని జనమే సాక్షులు; సాక్షులను తీసివేసి సాక్ష్యాన్ని మాత్రం ప్రసారం చేయకపోవడం ఈ అనుసరణలోని విశేషం.

దీనికి మరి రెండు పొరలు చేర్చారు. ఒకటి, ఆరుబయట కొండల్లో నాటి దుస్తులతో తీసిన చారిత్రక ఘట్టాలు. రెండు, అబర్డీన్ పరిసరాల్లో చమురు పనుల్లో ఉన్నవారితో సంభాషణలు. హాలులో నటుడు ఒక ఘటన వర్ణిస్తుండగానే దృశ్యం లోయకు మారి, అక్కడి నుంచి తిరిగి పాటలోకి వస్తుంది. వేదిక మీద పుస్తకపు మడతల్లోంచి లేచే కొండను చూసి నవ్విన కన్నే ఆ వెంటనే అసలు కొండను, దాని మీద మనుషుల అలికిడి లేని పచ్చికను చూస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా నాటకశాలలో చూపడం సాధ్యం కానిది.

అయినా మూడు పొరలకూ సమాన విలువ ఇవ్వలేము. వేషాలు కట్టి తీసిన దహనకాండ ఘట్టాలు బలహీనమైనవనే చెప్పాలి. వేదిక మీద ఒక నటుడు ఇప్పుడు సెల్లార్, మరుక్షణం కౌలుదారు. తాము చెబుతున్నది వ్యాఖ్యానమని ఆ మార్పే ఒప్పుకుంటుంది. కెమెరా ముందు నిజమైన మంటలు లేచేసరికి అది జరిగినదాని ప్రతిరూపమన్న భ్రమ కలుగుతుంది. ఏ సహజవాదాన్ని మెక్‌గ్రాత్ నిరసించాడో అది పెరటిదారిన లోపలికి వచ్చింది. కార్మికుల సంభాషణలు అలా కాదు. ఇళ్ల అద్దెలు, కూలి రేట్లు, కంపెనీల తీరు గురించి వారు మాట్లాడే పొడిమాటల పక్కన సదర్లాండ్ ప్రభువుల వాగ్దానాలు నిలిపి చూపేసరికి వ్యాఖ్యానం అక్కరలేకపోయింది.

పోయినవి కూడా లెక్కించాలి. ఒక్కొక్క ఊరిలో ఆ ఊరికి తగినట్టు మార్చుకునే హాస్యం టెలివిజన్‌లో ఒకే పాఠంగా స్థిరపడింది. పాటకు గొంతు కలపడం ఇంట్లో కూర్చున్నవారికి సాధ్యం కాదు. ఆట తరువాతి నాట్యం లేదు. చూసినవారు తమ కుటుంబ కథలను నటులకు చెప్పుకునే గంట కూడా పోయింది.

ప్రసార సమయం కలిసివచ్చింది. ఫోర్టీస్ చమురు క్షేత్రాన్ని 1970లో కనుగొన్నారు. నాటకం పల్లెల్లో తిరిగిన 1973లోనే అక్టోబరు యుద్ధం వచ్చి, 1974 ఆరంభానికి ప్రపంచ చమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఉత్తర సముద్రపు చమురు ఎవరిదన్న ప్రశ్న బ్రిటిష్ రాజకీయాల నడిబొడ్డుకు చేరింది. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో స్కాటిష్ నేషనల్ పార్టీకి 7 స్థానాలు, అక్టోబరులో 11 స్థానాలు దక్కాయి. ఈ రెండింటి నడుమ జూన్‌లో ప్రసారం జరిగింది. అయితే నాటకం జాతీయవాదానికి బాజా కాదు. హైలాండ్స్‌ను దోచినవారిలో స్కాట్లాండు ప్రభువులే ముందున్నారని అది పదేపదే గుర్తుచేస్తుంది. ప్రజల లైసెన్సు రుసుముతో నడిచే ప్రసార సంస్థ పాలకవర్గం మీద ఇంతటి విమర్శను ప్రధాన నాటక శీర్షికలో ప్రసారం చేయడం ఆ దశాబ్దపు బి.బి.సి. లక్షణాల్లో ఒకటి. పరిస్థితి అలాగే కొనసాగలేదు. 7:84 ఇంగ్లండు శాఖ 1980ల మధ్యలో ప్రభుత్వ గ్రాంటును కోల్పోయింది. నిధుల వివాదంతోనే 1988లో మెక్‌గ్రాత్ స్కాట్లాండు శాఖ నుంచి తప్పుకున్నాడు. 2008లో ఆ సంస్థా మూతపడింది.

మన దేశంలో ఈ ప్రసారం జరిగిన మరుసటి ఏడాది, 1975 ఆగస్టు 1 నుంచి ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఏడాదిపాటు సాగింది. ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు, మన మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు ప్రాంతాల ఊళ్లతో సహా, తొలిసారిగా టెలివిజన్ చేరింది. స్కాట్లాండులో ఊరి హాలులోని సమష్టి వీక్షణాన్ని ఇంటి గదిలోని ఒంటరి ప్రేక్షకుని వద్దకు ఎలా చేర్చాలన్నది సమస్య. ఇక్కడ టెలివిజన్ పెట్టే ఊరి బడిలోనో పంచాయతీ ఆవరణలోనో ఉండేది. ఊరంతా కూడి చూసేది. ప్రేక్షకులు ఒకరినొకరు చూసుకుంటూ, మాట్లాడుకుంటూ చూసే టెలివిజన్ అది. జానపద కళారూపాలకు అంతకంటె అనువైన వేదిక దొరకదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమయ్యాక బుర్రకథలు, హరికథలు, పద్యనాటకాలు తెర మీదికి వచ్చాయి. కాని అధికభాగం స్టూడియో తెరల ముందు, వినేవారు లేకుండా. వంత వేసిన హాస్యానికి నవ్వేవారు లేని బుర్రకథను చూసినవారికి హైలాండ్స్ హాలులోని బల్లల విలువ వెంటనే బోధపడుతుంది.

మెక్‌గ్రాత్ తన నాటకాలను టెలివిజన్‌కు తేవడం మానలేదు. స్కాట్లాండు, ఇంగ్లండుల సంబంధాల మీద 1989లో గ్లాస్గోలో ప్రదర్శించిన ‘బోర్డర్ వార్‌ఫేర్’ తరువాత ఛానల్ 4లో వచ్చింది. అక్కడ కూడా నిలబడి, కదులుతూ చూసే జనాన్ని కెమెరా విడిచిపెట్టలేదు.

నాటకం చివర నటులందరూ కలిసి స్కై దీవి కవయిత్రి మేరీ మెక్‌ఫెర్సన్ గేలిక్ గీతం పాడతారు. బ్రేస్ స్త్రీలు రాళ్లు పట్టిన కాలంలో, నేపియర్ ఆ దీవికి వచ్చిన కాలంలో కౌలుదార్ల పక్షాన పాటలు కట్టినది ఆమె. 1976లో వచ్చిన చట్టం చిన్న కౌలుదారుకు తన కమతాన్ని కొనుక్కునే హక్కు ఇచ్చింది. 1993లో సదర్లాండ్ పశ్చిమ తీరాన ఎసింట్ కౌలుదార్లు చందాలు పోగుచేసి తాము సాగుచేస్తున్న ఎస్టేటును సమష్టిగా కొన్నారు. 2003 నాటి భూసంస్కరణ చట్టం గ్రామసముదాయాలకు అటువంటి కొనుగోలు హక్కును శాసనబద్ధం చేసింది. నూట ఇరవై ఏళ్ల కిందట మద్రాసు మాజీ గవర్నరు గుర్తించమన్న సముదాయం అప్పటికి చట్టం కంట పడింది. డండీ నగరపు రెపర్టరీ థియేటర్ 2015లో నాటకాన్ని తిరిగి ప్రదర్శించినప్పుడు గొర్రెలకు, దుప్పులకు సంబంధించిన దృశ్యాల వలెనే చమురు దృశ్యం కూడా గతకాలపు కథగా మారుతోంది. ఉత్తర సముద్రంలో బ్రిటన్ చమురు ఉత్పత్తి 1999లోనే గరిష్ఠస్థాయి దాటింది.